దానమిచ్చిన వేట పడవ – చట్టము చెప్పు మాట

గోదానము, భూదానము, అన్నదానము మన పెద్దలు చెప్పినవే. ఇటీవలి కాలమున వాని సరసన మరియొక దానము చేరినది. ఒక హోటలు యజమాని రెండు రాత్రుల బసను, ఒక సంగీత విద్వాంసుడు ఒక సాయంకాలపు కచేరీని, ఒక పడవ యజమాని ఒక పూట చేపల వేట ప్రయాణమును ఏదో ఒక ధర్మసంస్థకు ఇచ్చివేయుదురు. ఆ సంస్థ దానిని వేలము వేసి, వచ్చిన సొమ్మును ఆసుపత్రికో, అనాథాశ్రమమునకో వినియోగించును. అమెరికా, ఆస్ట్రేలియా తీరములలో ఇది సర్వసాధారణము. మన దేశములో ఇటువంటి దానమునకు అన్నివిధముల అనువైన చోటు ఏదని అడిగినచో అండమాన్ దీవులనే చెప్పవలసి యుండును. పారలు, ట్యూనాలు, కొమ్ము కోనాములు దొరకు లోతైన నీరు అక్కడ తీరమునకు చేరువలోనే ఉన్నది. వాని కొరకు గాలము పట్టుకొని దూర దేశముల నుండి వచ్చువారు ఉన్నారు. పడవ నడుపువారిలో మన తెలుగువారు ఎందరో ఉన్నారు.

శ్రీకాకుళం, విశాఖ తీరముల నుండి వలస వెళ్ళిన మత్స్యకార కుటుంబములు అక్కడి జంగ్లీఘాట్ వంటి పేటలలో తరములుగా స్థిరపడి ఉన్న విషయము ఆ దీవులకు బదిలీపై వెళ్ళి వచ్చిన మన ఉద్యోగులకు విదితమే. 2011 జనాభా లెక్కల ప్రకారము ఆ దీవుల జనాభా 3,80,581 కాగా, అందులో దాదాపు 13 శాతము మందికి తెలుగే మాతృభాష. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురముగా మారినను, మనవారి నోట పాత పేరే ఇంకను నలుగుచున్నది.

ఒక ఊహను ముందుంచుకొని మాటాడుకొందము. జంగ్లీఘాట్‌లోని ఒక పడవ యజమాని, ఊరిలోని తెలుగు సంఘము వారు పేద పిల్లల చికిత్సకై నిధి సేకరించుచుండగా, “నా వంతుగా ఒక రోజు పడవ మీద నలుగురిని వేటకు తీసుకొని పోయెదను, ఆ ప్రయాణమును మీరు వేలము వేసుకొనుడు” అనెను. సంఘ కార్యదర్శి మన సంస్థ ఉద్యోగి. వేలములో ఒకరు ఇరువది వేల రూపాయలకు పాడుకొనిరి. అందరును సంతోషించిరి. ఇంతవరకు కథ సుఖాంతమే. ఆ తరువాత యజమాని మనసు మార్చుకొన్నచో, సముద్రము పొంగినచో, పడవలో ఒకరికి ఆపద సంభవించినచో ఏమగును? చట్టపు పని అక్కడ మొదలగును.

మొట్టమొదట, ఇచ్చినది ఏమిటి? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 122వ సెక్షను దానమును నిర్వచించుచు, ప్రతిఫలము లేకుండ, ఇష్టపూర్వకముగా, అప్పటికే ఉనికిలో ఉన్న ఆస్తిని ఇచ్చుట, ఇచ్చువాడు జీవించియుండగా పుచ్చుకొనువాడు స్వీకరించుట అని చెప్పుచున్నది. పడవనే ఇచ్చివేసినచో అది చరాస్తి దానము. 123వ సెక్షను ప్రకారము రిజిస్టరు పత్రము ద్వారా గాని, వస్తువును అప్పగించుట ద్వారా గాని పూర్తి యగును. మన యజమాని మాత్రము పడవను ఇవ్వలేదు. రాబోవు మాసములో ఒక రోజు చేయనున్న సేవను ఇత్తునన్నాడు. అది ఆస్తియే కాదు. ఆస్తి అనుకొన్నను ఇంకను ఉనికిలోనికి రానిది. 124వ సెక్షను భావి ఆస్తి మేరకు దానము చెల్లదని స్పష్టముగానే చెప్పినది. కనుక చట్టము దృష్టిలో ఇది దానము కాదు, వాగ్దానము.

వాగ్దానము అనగానే 1872 నాటి కాంట్రాక్టు చట్టము అడ్డు వచ్చును. ప్రతిఫలము లేని ఒప్పందము చెల్లదని 25వ సెక్షను. దగ్గరి బంధువుల మధ్య ప్రేమాభిమానములతో వ్రాసి రిజిస్టరు చేసిన వాగ్దానము వంటి కొన్ని మినహాయింపులు అందులో ఉన్నను, ధర్మకార్యము వానిలో లేదు. అట్లయినచో చందా వ్రాసినవాడు ఎగవేసినను అడుగరాదా? ఈ ప్రశ్న మన న్యాయస్థానములలో శతాబ్దమునకు పైగా నలిగినది. ముచ్చటైన విషయము గనుక కొంచెము ఆగి చెప్పెదము.

1886లో కలకత్తా హైకోర్టు ముందుకు హౌరా పురమందిర వివాదము వచ్చినది. పురమందిరము కట్టుటకై చందాల జాబితా తెరచిరి. గోరీ మహమ్మద్ అను నతడు 100 రూపాయలు వ్రాసెను. చందాలు చేరుచున్న కొలది కట్టడపు నమూనా పెరిగి, అంచనా 40,000 రూపాయల వరకు పోయినది. ఆ చందాలను నమ్ముకొని కేదారనాథ్ భట్టాచార్జీ ప్రభృతులు గుత్తేదారుతో ఒప్పందము చేసికొనిరి. తీరా అడిగితే గోరీ మహమ్మద్ ఇవ్వననెను. కోర్టు ఇవ్వవలసినదే యని తీర్పు చెప్పినది. ఆ డబ్బు దేనికో తెలిసియే అతడు సంతకము చేసెను; దానిని నమ్మి ఎదుటివారు గుత్తేదారునకు బాధ్యులైరి; ఆ బాధ్యత నెత్తికెత్తుకొనుటయే ప్రతిఫలము అని కోర్టు భావము.

1914లో అలహాబాదు హైకోర్టు ముందుకు మసీదు మరమ్మతు చందా వచ్చినది. వ్రాసిన మొత్తము 500 రూపాయలు. అక్కడ ఆ వాగ్దానమును నమ్మి ఎవరును ఏ పనియు చేయలేదు. దావా వీగిపోయినది. అటు పిమ్మట మద్రాసు హైకోర్టులో దొరస్వామి అయ్యర్, అరుణాచల అయ్యర్‌ల వ్యాజ్యము. 1936 నాటి తీర్పుల సంపుటములో ఇది అచ్చయినది. దేవాలయము మరమ్మతు మొదలైన తరువాత డబ్బు చాలక చందాలు పట్టిరి. పని అప్పటికే నడుచుచున్నది, చందాదారు కోరగా మొదలైనది కాదు. కనుక అతనిని నిర్బంధింపజాలమని కోర్టు అన్నది. పురమందిరము, మసీదు, గుడి – మూటికి మూడు పాఠములు. వానిని విడివిడిగా చూచిన గందరగోళముగా తోచును గాని, పక్కపక్కన పెట్టి చూచిన న్యాయము సూటిగానే ఉన్నది. మాట ఇచ్చినవాని కోరికపై, ఆ మాటను నమ్మి, ఎదుటివాడు ఏదైనా భారము తలకెత్తుకొనెనా అన్నదే గీటురాయి.

మన పడవ యజమాని “వేలము వేసుకొనుడు” అని తానే కోరినాడు. సంఘము కరపత్రములు అచ్చొత్తించి, హాలు అద్దెకు తీసికొని, వేలము వేసి, పాడుకొన్న వ్యక్తికి ప్రయాణము కల్పింతుమని బాధ్యత వహించినది. కనుక హౌరా తీర్పు అతనికి వర్తించునని మా అభిప్రాయము. కాని నోటిమాటను కోర్టులో రుజువు చేయుట ఎంత కష్టమో వేరుగ చెప్పనక్కరలేదు. ఒక్క పుట కాగితము మీద తేదీ, పడవ పేరు, రిజిస్ట్రేషను సంఖ్య, ఎందరు, ఎన్ని గంటలు, ఇంధనము ఎవరిది, వాతావరణము అనుకూలింపనిచో మరియొక తేదీ ఏది అన్నవి వ్రాసికొని, “ఈ వాగ్దానమును నమ్మి సంఘము వేలము నిర్వహించుటకు నేను కోరుచున్నాను” అన్న వాక్యము చేర్చినచో సగము తగవు మొలకెత్తకుండనే పోవును.

పాడుకొన్న వ్యక్తికి మాత్రము ఈ సందేహములు లేవు. అతడు ఇరువది వేలు చెల్లించెను, కనుక అతనికిని సంఘమునకును మధ్య పూర్తి ఒప్పందము ఉన్నది. యజమాని రానిచో ముందుగా జవాబు చెప్పవలసినది సంఘమే. తుపాను వచ్చి పడవలు కదలరాదని రేవు అధికారులు ఆజ్ఞాపించినచో 56వ సెక్షను క్రింద ఒప్పందము నెరవేర్చుట అసాధ్యమై చెల్లకుండ పోవును. అప్పుడు 65వ సెక్షను ప్రకారము పుచ్చుకొన్న సొమ్ము తిరిగి ఇవ్వవలసి యుండును. ఆ సొమ్ము అప్పటికే ఆసుపత్రికి చేరిపోయినచో? సంఘ సభ్యులు తలా కొంత వేసికొనవలసి వచ్చును. ఇది ఊరక భయపెట్టుట కాదు. 2016 డిసెంబరులో వాయుగుండము పట్టినప్పుడు హావ్‌లాక్, నీల్ దీవులలో వందలాది పర్యాటకులు చిక్కుబడగా నౌకాదళము ఓడలు పంపి తీసికొని రావలసి వచ్చినది. వేట ముగిసిన తరువాతనే సొమ్మును బయటికి పంపుట క్షేమము.

వేలము బదులు లక్కీ డ్రా పెట్టినచో ఎక్కువ డబ్బు వచ్చునని మన క్లబ్బులలో ఎవరో ఒకరు తప్పక సూచింతురు. వంద రూపాయల కూపను, మూడు వందల మంది కొనినచో ముప్పది వేలు! లెక్క బాగుగనే ఉన్నది గాని చట్టము బాగుగ లేదు. డబ్బు పెట్టి చీటీ కొనుట, అదృష్టము మీద బహుమతి వచ్చుట – ఈ రెండును కలిసినచో అది లాటరీయే. ధర్మకార్యమునకైనను లాటరీయే. ప్రభుత్వ అనుమతి లేని లాటరీకి చోటు నిర్వహించుట పూర్వము భారత శిక్షాస్మృతి 294-ఎ క్రింద నేరము. 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ న్యాయ సంహితలో అది 297వ సెక్షను. ప్రకటన అచ్చువేసిన వారికి సైతము అందులో శిక్ష కలదు. వేలము అట్టిది కాదు. అందులో అదృష్టమునకు తావు లేదు, ఎక్కువ పాడినవానికే దక్కును. కనుక వేలమునకే పరిమితము కావలెనని మా సలహా.

ఆదాయపు పన్ను సంగతి పాఠకులు తప్పక అడుగుదురు కావున రెండు మాటలలో చెప్పెదము. 1961 చట్టములో 80జి గా మనకు పరిచితమైన మినహాయింపు ధనరూపమున ఇచ్చిన విరాళమునకు మాత్రమే. వస్తువులకు, సేవలకు లేదు. 1976 నుండి ఈ నియమము స్పష్టముగా చట్టములో వ్రాయబడి ఉన్నది. కనుక ప్రయాణము ఇచ్చిన యజమానికి రసీదు దక్కినను మినహాయింపు దక్కదు. నగదు విరాళమునకు సైతము 2017 నాటి సవరణ ప్రకారము రెండు వేల రూపాయలే హద్దు. పాడుకొన్నవాడు చెల్లించినది ప్రయాణపు ధర. దానిని విరాళమని చూపుట సరికాదని మా అభిప్రాయము. నిజముగా మినహాయింపు కావలసినచో, యజమాని ఆ ప్రయాణమును మామూలు ధరకు తానే అమ్మి, ఆ ఆదాయమును లెక్కలో చూపి, ఆ సొమ్మును బ్యాంకు ద్వారా అర్హత గల సంస్థకు ఇచ్చుట సరియైన దారి. 2025లో పార్లమెంటు ఆమోదించిన కొత్త ఆదాయపు పన్ను చట్టముతో సెక్షన్ల సంఖ్యలు మారినవి, గనుక పాత సంఖ్యలతో ఫారములు నింపకుండుడు. తక్కువ రేట్ల కొత్త పన్ను విధానము ఎంచుకొన్న ఉద్యోగులకు ఈ మినహాయింపు అసలు లేదు.

ఇక సముద్రము మీదికి పోదము. అసలు చిక్కులన్నియు అక్కడనే.

చేపల వేటకు రిజిస్టరైన పడవ చేపల వేటకే. డబ్బు పుచ్చుకొని ప్రయాణీకులను ఎక్కించుకొనుటకు వేరు అనుమతి, వేరు తనిఖీ, ప్రాణరక్షక కవచముల సంఖ్య, సరంగు యోగ్యతా పత్రము కావలెను. “నేను ఒక్క పైసా తీసికొనలేదు, దానమిచ్చినాను” అని యజమాని అనవచ్చును. కాని పడవ ఎక్కినవాడు డబ్బు చెల్లించియే ఎక్కినాడు. అది ఎవరి జేబులోనికి పోయినను అది కిరాయి ప్రయాణమే అని అధికారులు అనుటకు వీలున్నది. బీమా పాలసీలో కూడ పడవ దేనికి వాడబడునో వ్రాసి యుండును. వేట పడవగా బీమా చేసి విహారమునకు వాడినచో, ప్రమాదము జరిగిన నాడు కంపెనీ మొదట చూచునది ఆ గడినే.

అండమాన్ నికోబార్ దీవుల సముద్ర మత్స్య నియంత్రణ రెగ్యులేషను 2003లో వచ్చినది; దాని క్రింద 2004లో నియమములు ఏర్పడినవి. పడవ రిజిస్ట్రేషను, వేట లైసెన్సు దాని క్రిందివే. విహారముగా గాలము వేయుటకు తన లైసెన్సు చెల్లునా అన్న ప్రశ్నను యజమాని మత్స్యశాఖ డైరెక్టరేటుకు ముందుగా వ్రాసి, జవాబును వ్రాతపూర్వకముగానే తెచ్చుకొనవలెను. కౌంటరు దగ్గర చెప్పిన నోటిమాటను నమ్మి వేలమునకు దిగరాదు. తీరము నుండి 12 నాటికల్ మైళ్ళు దాటినచో అది కేంద్రప్రభుత్వ పరిధి. 2025 నవంబరులో ప్రకటించిన నియమముల ప్రకారము ఆ హద్దుకు ఆవల వేటాడు మరపడవలకు ప్రవేశ పత్రము కావలెను. తూర్పు తీరముతో పాటు అండమాన్‌కును ఏటేటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు వేట నిషేధ కాలము. పిల్లలకు వేసవి సెలవులు గనుక ప్రయాణమును మే మాసములో పెట్టుకొందమని వేలము పాడినవారు కోరవచ్చును. ఆ కోరిక తీర్చరాదు.

ఎక్కడ వేటాడరాదో అది మరింత ముఖ్యము. వండూరు దగ్గరి మహాత్మాగాంధీ సముద్ర జాతీయ ఉద్యానము 1983 నుండి, రాణీ ఝాన్సీ సముద్ర జాతీయ ఉద్యానము 1996 నుండి ఉన్నవి. వాని నీటిలో గాలము వేయుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. చేపయైనను అదే చట్టము. తిమింగల సొర, సముద్ర దోసకాయలు 2001 నుండి మొదటి షెడ్యూలులో, అనగా పులికి ఉన్నంత రక్షణలో ఉన్నవి. గాలమునకు అనుకోకుండ చిక్కిన రక్షిత జీవిని తక్షణమే విడిచిపెట్టవలెను. పక్కన నిలిచి ఛాయాచిత్రము తీయించుకొనుట అన్నది మాత్రము కేసునకు సాక్ష్యమును మనమే తయారుచేసి యిచ్చుటయే.

వీటన్నిటికంటె కఠినమైనది 1956 నాటి ఆదిమజాతుల సంరక్షణ రెగ్యులేషను. జారవా, సెంటినలీ, ఓంగీ మొదలగు వారి నివాస ప్రాంతములును, వాని చుట్టునున్న కొంత సముద్రమును దాని క్రింద నిషిద్ధములు. 2012 సవరణతో శిక్షలు మరింత పెరిగినవి. 2006లో ఉత్తర సెంటినల్ ఒడ్డుకు కొట్టుకొనిపోయిన పడవలోని ఇద్దరు జాలరులు అక్కడ ప్రాణములు కోల్పోయిరి. 2018 నవంబరులో ఒక అమెరికా యువకుడు ఆ దీవికి పోయి మరణించినప్పుడు, డబ్బు తీసికొని అతనిని చేరవేసిన మత్స్యకారులు అరెస్టయిరి. పోయినవాడు తన యిష్టముతోనే పోయెను. కాని చిక్కులలో పడినది పడవ వారే. వేలము పాడుకొన్న అతిథి “కొంచెము దగ్గరకు పోనిమ్ము, చూతము” అన్నప్పుడు సరంగునకు ఈ సంగతి గుర్తుండవలెను. అతిథి డబ్బు సంఘమునకు చెల్లించినాడు గనుక సరంగు అతని ఆజ్ఞకు లోబడినవాడు కాడు.

అప్పుడప్పుడు విదేశీ తెరచాప పడవలు శ్రీ విజయపురము రేవునకు వచ్చుచుండును. వాని యజమానులలో ఉదారులు ఎవరైనను “మా పడవ మీద వేట ప్రయాణము ఇచ్చెదము” అనినచో కృతజ్ఞతతో నిరాకరింపవలసినదే. 1981 నాటి చట్టము ప్రకారము విదేశీ నౌక మన సముద్ర జలములలో లైసెన్సు గాని, పర్మిటు గాని లేక చేపలు పట్టరాదు. అట్లే విదేశీయుడు వేలములో పాల్గొని డబ్బు చెల్లించినచో అది విదేశీ విరాళముగా పరిగణింపబడు అవకాశము ఉన్నది; 2010 నాటి విదేశీ విరాళముల చట్టము క్రింద నమోదు కాని సంఘము దానిని తాకకుండుట మంచిది.

ప్రమాదము జరిగినచో? 2014 జనవరి 26న పోర్ట్ బ్లెయిర్ సమీపమున పరిమితికి మించి ఎక్కించుకొన్న పర్యాటకుల పడవ మునిగి ఇరువది మందికి పైగా మరణించిరి. 2019 సెప్టెంబరు 15న మన గోదావరిలో కచ్చులూరు వద్ద జరిగినది చెప్పనక్కరలేదు. తెలుగునాట ఆ దుఃఖము ఎరుగని ఇల్లు లేదు. నిర్లక్ష్యమునకు చట్టములో ఉచితము, కిరాయి అన్న భేదము లేదు. పడవలో కూర్చొన్న మనిషి ఎడల జాగ్రత్త వహించు బాధ్యత యజమానికి ఎప్పుడును ఉన్నది. నిర్లక్ష్యము వలన ప్రాణము పోయినచో భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను, ప్రమాదకరముగా నడిపినచో 282, కిరాయికి ఎక్కించుకొని బరువు మించినచో 284. “ప్రమాదమునకు మేము బాధ్యులము కాము” అని కాగితము మీద సంతకము పెట్టించుకొనుట ఇప్పుడొక ఆచారమైనది. ఆ కాగితము నేర విచారణను ఆపజాలదు. వినియోగదారుల చట్టము ఉచిత సేవను తన పరిధి నుండి తొలగించిన మాట నిజమే. కాని ఇక్కడ సంఘమునకు డబ్బు ముట్టినది గనుక అది ఉచిత సేవయే కాదని వాదింపవచ్చును. సంఘము కూడ ప్రతివాది అగును.

కార్యదర్శిగా ఉన్న మన ఉద్యోగిని మరచిపోలేదు. ప్రభుత్వరంగ సంస్థలలో ప్రవర్తన, క్రమశిక్షణ నియమావళి ప్రకారము, ఏ కార్యమునకైనను చందాలు అడుగుటకు, నిధుల సేకరణలో పాల్గొనుటకు ముందు సంస్థ అనుమతి కావలెను. సంఘము మంచిదే, కార్యము పవిత్రమే, అయినను అనుమతి కావలెను. ఇంతకంటె సున్నితమైన విషయము ఒకటి ఉన్నది. పడవ యజమాని మన సంస్థకు సరకు గాని, సేవ గాని అందించు గుత్తేదారు అయినచో, ఆ బిల్లులు చూచు అధికారియే సంఘ కార్యదర్శి అయినచో, దానము ఎంత నిర్మలమైనను విజిలెన్సు వారి దృష్టిలో దాని రంగు మారును. అట్టి దాతను మర్యాదగా వదలుకొనుటయో, ఆ అధికారి పదవి నుండి తప్పుకొనుటయో చేయవలెను. తక్కువ పాటకు తన బంధువునకే దక్కునట్లు వేలము జరిపించినచో మరి చెప్పనక్కరలేదు.

చివరగా ఒక చిన్న ప్రశ్న. పట్టిన చేప ఎవరిది? సముద్రములో తిరుగు చేపకు యజమాని లేడు. చట్టబద్ధముగా పట్టినవానిదే అది. అయితే పడవ, గాలము, ఎర యజమానివి. గాలము లాగినవాడు అతిథి. ప్రయాణము అమ్మినది సంఘము. ముగ్గురికి మూడు వాదములు. కాగితములో ఒక్క వాక్యము వ్రాసికొన్నచో సరిపోవును. అతిథి ఇంటికి తీసికొనిపోవు చేపలు ఇన్ని, తక్కినవి తిరిగి నీటిలోనికి, లేదా సంఘము అమ్ముకొని నిధిలో కలుపుకొనుటకు అని. వేట విహారమునకు వచ్చువారిలో చాలమంది చేపను పట్టి, చూచి, విడిచిపెట్టువారే గనుక ఈ తగవు తరచు రాదు. ఎప్పుడైనను వచ్చినచో మాత్రము, అది పెద్ద చేప దొరికిన రోజుననే వచ్చును.